సైడ్‌లోబుల బావ

మా అక్క మొగుడు మంచివాడే కానీ, నేరుగా పోవలసింది ఏదైనా పక్కకు పోయిందంటే ఆయనకు కంటి మీద కునుకు ఉండదు.

దేశాలు పట్టి తిరిగినవాణ్ణి, దొరికిన పుస్తకమల్లా నమిలినవాణ్ణి. వేదాంతుల దగ్గర్నుంచి జేబుదొంగల దాకా రకరకాల పిచ్చివాళ్ళను చూశాను. ఒక ఓడరేవులో తన నీడకు దారి ఇచ్చి నడిచే గుమాస్తా ఉండేవాడు. వాడి కథ ఇప్పుడు వద్దు. మా బావ ముందు వాళ్ళంతా బలాదూరు.

బావ రేడియో కేంద్రంలో డిష్‌లు తయారుచేస్తాడు. మాటలు మోసే తరంగాలను ఆ లోహపు పళ్ళెం ఎదుటి కొండ మీది స్టేషనుకు గురిచూసి విసురుతుంది. ఎంత గురి ఉన్నా కొంత పక్కలనుంచి కారిపోతుంది. అలా పక్కలకు కారిపోయేవాటినే సైడ్‌లోబులంటారు. పామును చూసినట్టు చూస్తాడు వాటిని.

ఇంట్లోనూ అదే గోల. అలారం మోతకు అక్క లేవకూడదని గడియారానికి అట్టగొట్టం తగిలించి, తన చెవికి గురిపెట్టుకుని పడుకున్నాడు. పొద్దున అక్క లేచింది, పక్కింటావిడ లేచింది, బావ మాత్రం లేవలేదు. నిద్దట్లో చెవి అటు తిప్పేశాడు మరి.

అక్క లంకించుకుంది. "మీరూ మీ గొట్టాలూ! మీ అమ్మగారు మిమ్మల్ని..."

"ఆగాగు. తిట్టేది నన్ను కదా, మా అమ్మకెందుకు తగలాలి? సైడ్‌లోబు అది!"

"విన్నావట్రా తమ్ముడూ ఈయన మాటలు?"

"అదిగో, ఇప్పుడు బామ్మర్దికీ తగులుతోంది!"

ఆ వారమే కొత్త డిష్‌కు పరీక్ష. ఎదుటి స్టేషనులో, అందిన బలం చూపే మీటరు ముల్లు ఎర్రగీత దాటాలి. అంతా సిద్ధమయ్యాక బావ, సాయానికి నన్ను వెంటబెట్టుకుపోయి, డిష్ అంచు చుట్టూ రేకు పట్టీ కట్టి, లోపలివైపు తరంగాలను మింగే నల్లటి స్పాంజి అంటించడం మొదలుపెట్టాడు.

ఆఫీసరు పరుగున వచ్చాడు. "ఏమయ్యా, దీనివల్ల బలం తగ్గదూ?"

"కాస్త తగ్గుతుందండీ."

"పక్కన ఎవరున్నారని? రాళ్ళూ, మేకలూ! ముల్లు గీత దాటకపోతే డిష్‌తోపాటు నిన్నూ దించేస్తా."

"అలాగేనండీ. బామ్మర్దీ, ఆ కత్తెర ఇలా ఇవ్వు."

పరీక్ష రోజు ఫోన్లో అవతలి ఉద్యోగి అరిచాడు. "వస్తోంది... వస్తోంది... దాటిందండీ! గీతను రాసుకుంటూ దాటింది!"

ఆఫీసరు కుర్చీలో కూలబడి గ్లాసెడు నీళ్ళు తాగాడు. "ఎవరికోసమయ్యా ఇంత తెగింపు?"

బావ చెప్పులేసుకుని, ఆఫీసరునూ నన్నూ కొండ దిగువకు తీసుకుపోయాడు.

అక్కడ చిన్న ఆసుపత్రి. నర్సమ్మ పాత రేడియో సెట్టు ముందు కూర్చుని లోయ అవతలి మంత్రసానితో మాట్లాడుతోంది. మా కొత్త డిష్‌ను మొదటిసారి ఆన్ చేసి చూసిన రోజునుంచీ, బావ పట్టీ కట్టేదాకా, ఆ సెట్టులో బరబర తప్ప మాట వినిపించలేదట. అలవాటుకొద్దీ ఆమె గొంతు చించుకుంటోంది.

"నొప్పులు మొదలయ్యాయా? బండి పంపమంటావా?"

"పంపండి! అరవకండమ్మా, నా పక్కనే కూర్చుని చెప్పినట్టుంది!"

ఆ మాటల వెనక ఇంకా మిగిలిన సన్నటి బరబరను ఆఫీసరు విన్నాడు. బావ చెవి దగ్గరికి వంగి, "ఆ పట్టీ ఇంకో జానెడు పెంచితే?" అన్నాడు.

"మన ముల్లు గీత కింద పడుతుందండీ."

"పోనీ, బెత్తెడు?"

"బెత్తెడైతే నిలబడుతుందండీ."

"మరి చూస్తావేం? పద, నిచ్చెన నేను పట్టుకుంటా."