శవం దగ్గింది, వారసులు పరార్

కరోనా రెండో ఏడాది, సూరత్‌లోని బమ్రోలిలో మా మరమగ్గాల వాళ్లం మాస్కుల జనం ముందు చరిత్ర నాటకం వేశాం. నేను చచ్చిపోయిన మహారాజును. నా తలమీది కిరీటం కోసం కొడుకులిద్దరూ కత్తులు దూశారు. సరిగ్గా అప్పుడే, ఇరవై ఏళ్లుగా మింగిన మగ్గాల దుమ్మంతా గొంతులో లేచి, తాపీ నది ఉలిక్కిపడేలా దగ్గాను.

కత్తులు కిందపడ్డాయి.

"అన్నా, పెద్దోనివి, కిరీటం నువ్వే తీస్కో!"

"వద్దు తమ్మీ, నాయినకు నువ్వంటేనే పానం!"

ఇద్దరూ వేదిక దూకి పరుగెత్తారు. వెనకే జనమూ లేచారు.

"ఉరకకుండ్రి, గది మగ్గం దగ్గే!" అని నా భార్య ఎంత అరిచినా ఎవరూ ఆగలేదు.

సింహాసనం కోసం తలలు నరుక్కున్న వారసుల గురించి చదివాను. రాజ్యాన్ని శవానికే వదిలేసి పారిపోయిన వారసుల్ని మాత్రం నేనే కన్నాను.