నా మెడ వంచి చూసిన నర్సమ్మ

నర్సమ్మ పోయిన సంగతి నాకు తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తుండగా తెలిసింది. ఆమె బిడ్డ పెద్ద అంబర్‌పేట నుంచి ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పోయింది. నిమ్ము తగ్గనే లేదు," అన్నది. నాలుగు రోజుల నుంచి దవాఖానలో ఉన్నదని తెలుసు. ముందటి రోజు సాయంత్రం పోయి చూసి వచ్చిన కూడా. అయినా చాక్‌పీస్ చేతిలో పట్టుకొని అట్లనే నిలబడిపోయిన. "ఏమైంది టీచర్?" అని ముందు బెంచి పిల్ల అడిగింది. "నన్ను బతికించినామె పోయింది" అని చెప్పిన. ఈ మాట పెద్దదిగా అనిపిస్తే జరిగింది చెప్తా, మీరే చూడుండ్రి.

ఇబ్రహీంపట్నంలో మా గల్లీ అంతా ఆమెను నర్సమ్మ అనే పిలిచేది. సర్కారు దవాఖాన తరఫున ఇంటింటికి తిరిగి, పిల్లలకు టీకాలు వేసి, గర్భిణుల పేర్లు రాసుకునే ఉద్యోగం ఆమెది. మాకు రెండిండ్ల అవతల ఉండేది. భర్త ఎప్పుడో పోయిండు, ఒక్కతే బిడ్డ. మెత్తగా మాట్లాడుడు ఆమెకు రాదు. టీకా తేదీ దాటించిన తల్లి కనబడితే కూరగాయల బండి దగ్గర అయినా సరే నిలబెట్టి తిట్టేది. తిట్టి, పిల్లను ఎత్తుకొని ముద్దాడి పోయేది. చిన్నప్పుడు ఆమె సంచి కనబడితే మేము మంచాల కింద దూరేటోళ్లం.

నేను ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పుడు జ్వరం పట్టుకున్నది. పెద్ద జ్వరం కాదు, సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చబడేది. దానితోపాటు తలనొప్పి. దగ్గరి డాక్టరు టైఫాయిడ్ అన్నడు. మందులు మింగిన. రెండు వారాలు దాటింది. తిన్నది తిన్నట్టు కక్కుతున్న, వెలుగు చూస్తే కండ్లు మండుతున్నయ్. తర్వాత పొంతన లేని మాటలు మొదలైనయ్ అంట. అవి నాకు గుర్తు లేవు, అమ్మ చెప్పింది. చచ్చిపోయిన మా మేనత్తను పేరు పెట్టి పిలిచిన అంట. పరీక్షల భయం అన్నరు కొందరు. గాలి సోకింది, తాయత్తు కట్టించుండ్రి అన్నరు ఇంకొందరు. మా బాపు షేర్ ఆటో నడుపుతడు, ఎల్బీ నగర్ దాకా. ఆ రోజు ఆటో బంద్ పెట్టి తాయత్తు కోసమే బయలుదేరుతున్నడు. సరిగ్గా అప్పుడే నర్సమ్మ పక్కింట్లో బాలింతను చూడటానికి వచ్చి, అమ్మ ఏడుపు విని లోపలికి వచ్చింది.

వచ్చింది, నా పక్కన కూర్చున్నది. "బిడ్డా, గడ్డం ఛాతీకి ఆనియ్యి" అన్నది. నాతోని కాలేదు. తల కింద చెయ్యి పెట్టి తనే మెల్లగా లేపబోయింది. మెడ కట్టె లెక్క బిర్రుగా ఉండి, తలతోపాటు భుజాలు కూడా లేచినయ్. నేను కేక పెట్టిన. ఆమె చెయ్యి తీసి లేచి నిలబడ్డది.

"తమ్మీ, ఇది టైఫాయిడ్ గాదు. మెదడు పొరలకు వాపొచ్చినట్టున్నది. పట్నం పోవాలె."

"రేపు పొద్దున పోతం అక్కా," అన్నడు బాపు.

"రేపు గాదు. ఆటో తియ్యి."

యూనిఫామ్ చీర మీదనే మాతోపాటు ఆటో ఎక్కింది. నా తల తన ఒడిలో పట్టుకొని, తుర్కయాంజాల్ దాటేదాకా గుంత వచ్చినప్పుడల్లా బాపును తిట్టిందని అమ్మ ఇప్పటికీ చెప్తది.

పెద్ద దవాఖానలో డాక్టర్లు వెన్నులో సూది పెట్టి నీళ్లు తీసి చూడాలన్నరు. బాపు ససేమిరా అన్నడు. వెన్నులో సూది పెడితే కాళ్లు పడిపోతయని మా దిక్కు అందరికీ గట్టి నమ్మకం. కాగితం మీద సంతకం పెట్టకుండా వరండాలోకి పోయి కూర్చున్నడు. నర్సమ్మ వెళ్లి ఆయన ముందు నేల మీద కూర్చున్నది.

"తమ్మీ, ఇన్నేండ్ల సర్వీసుల ఆ సూదితోని కాళ్లు పడిపోయినోళ్లను నేను చూడలే. ఆలస్యం చేసి, రోగం ముదిరి కాళ్లు పోగొట్టుకున్నోళ్లను చూసిన. వాళ్లు కూడ సూదినే తిట్టిన్రు."

"ఒక్కతే ఆడపిల్ల అక్కా. నడువకుంటైతే ఎట్ల?"

"సూది పెట్టేది నడుము కింద. వెన్నుపాము అంతకన్న పైననే ఆగిపోతది. సూది దానికి తగులుడు గాదు, దాని దరిదాపులకు గూడ పోదు. నీ బిడ్డ నడవాలె అంటే ఇప్పుడే సంతకం పెట్టు."

బాపు పెట్టిండు. నన్ను పక్కకు తిప్పి, మోకాళ్లు కడుపులోకి ముడిపించి, కదలకుండా పట్టుకున్నది నర్సమ్మనే. ఆ పట్టు మాత్రం నాకు గుర్తున్నది. మెదడు పొరలకు టీబీ అని తేలింది. ఇంకో వారం ఆగి ఉంటే చెప్పలేకపోయేటోళ్లమని పెద్ద డాక్టరు అన్నడు.

మూడు వారాలకు ఇంటికి వచ్చిన. సూదితోని కాదు, రోగం మెదడును కొట్టిన దెబ్బకు ఎడమ కాలు ఈడుస్తున్నది, ఎడమ చెయ్యి పట్టు తప్పింది. గల్లీలో గుసగుసలు మొదలైనయ్. నేను తాగిన గ్లాసు పక్కకు పెట్టిన చుట్టాలు ఉన్నరు. నర్సమ్మ అందరి ముందు నా ఎంగిలి గ్లాసులో చాయ్ పోసుకొని తాగింది. "మెదడుల ఉన్న టీబీ గ్లాసుల నుంచి దుంకది. ఊపిరితిత్తులల్ల ఉంటే దగ్గుతోని వస్తది. ఈ ఇంట్ల అందరికి పరీక్షలు చేయించిన, ఎవరికి లేదు. ఇంకేమన్న అడిగేది ఉందా?" అన్నది.

ఏడాది పొడుగునా డ్యూటీకి పోయే ముందు మా ఇంటికి వచ్చి, గోలీలు నేను మింగేదాకా నిలబడేది. ఒకరోజు వికారం తట్టుకోలేక ఒక గోలీ బుగ్గలో దాచిన. "నోరు తెరువు" అన్నది. తెరిచిన. తిడుతదనుకున్న. తిట్టలేదు. పక్కన కూర్చొని, "నాకు తెలుసు బిడ్డా, మస్తు కష్టం. కని ఇది సగంల ఆపితే మల్ల లేస్తది, లేస్తే ఈ మందుకు వినది" అని, నేను మింగేదాకా వీపు రాసింది. కాలుకు కసరత్తు చేయించేది కూడా ఆమెనే. కాలు చాలావరకు బాగైంది. పాదం జర వంకర తిరిగి, కొంచెం ఈడ్పు మిగిలింది. అది కనబడకుండా పాదాలు కప్పేటట్టు చీర కట్టుడు అలవాటు చేసుకున్న. డిగ్రీ, బీఈడీ చేసి టీచరునైన.

ఆమె రిటైర్మెంట్‌కు ఏడాది ముందు సంగతి. మా ఇంటికి రిజిస్టరు పట్టుకొని వచ్చింది. "నా రాత చూడు" అన్నది. పేజీ మీద పెద్దగా మొదలైన అక్షరాలు వరుస చివరికి వచ్చేసరికి ఆవగింజలంత అయినయ్. "కండ్లద్దాలు మార్చాలె నర్సమ్మా" అన్న. "అద్దాలు గాదు. నేను నడిచేటప్పుడు ఎడమ చెయ్యి ఊగుతలేదు. ఆర్నెల్ల నుంచి వాసన తెలుస్తలేదు. ఇది పార్కిన్‌సన్" అన్నది. పట్నం డాక్టరు చూసి అదే చెప్పిండు.

ఆ తర్వాత వచ్చిన టీకాల రోజు అమ్మ అక్కడే ఉన్నది, మా వదిన పిల్లను తీసుకొని. నర్సమ్మ సిరంజిలో మందు నింపింది. మందు సీసా పట్టిన ఎడమ చెయ్యి వణికింది. ఒక్క నిమిషం చూసుకొని, సిరంజి పక్కన పెట్టి, చిన్న నర్సును పిలిచింది. "ఇగ నువ్వు వెయ్యి బిడ్డా. నా చెయ్యి నా మాట వింటలేదు." ఎవరూ ఆమెను ఆపమనలేదు, దవాఖానలో ఎవరికీ ఇంకా తెలియదు కూడా. అప్పటి నుంచి రిటైర్ అయ్యేదాకా ఒక్క సూది వేయలేదు. ఆ సాయంత్రం నేను పోయేసరికి, ఎడమ చేతిని తొడ కింద పెట్టుకొని కూర్చున్నది. ఆమె ఏడ్వగా చూసింది అదొక్కసారే.

తెల్లారి మళ్లీ మామూలే. గల్లీలో వణుకు చూసి ఎవరన్న జాలిపడితే, "భయం గాదు, ముసలితనం గాదు. మెదడుల ఒక సరుకు తక్కువైంది, గోలీతోని నింపుతున్న" అని తనే చెప్పేది. గోలీలు గడియారం చూసి మింగేది. చర్చిలో ప్రార్థన నడుస్తున్నా సరే, టైమ్ అయితే మింగుడే.

రోగం ముదిరినంక గడపల దగ్గర కాలు నేలకు అతుక్కుపోయేది. నేను చెయ్యి పట్టి లాగితే అరిచింది: "గుంజకు! గుంజితే పడత. నా ముందట ఒక గీత చూపియ్యి, దాటుత." గీత కనబడితే నిజంగానే కాలు లేచేది, నాకు నమ్మబుద్ధి కాలేదు. అమ్మ దగ్గర ముగ్గుపిండి అడిగి, వంటింట్ల నుంచి బాత్రూమ్ దాకా అడుగుకొక గీత గీయించుకున్నది. "చర్చికి పోయేదాని ఇంట్ల ముగ్గులేంది?" అని ఎవరో అడిగితే, "నా కాళ్లకు ఇప్పుడు ఈ బాసనే తెలుస్తున్నది" అన్నది.

ఒకరోజు ఆమెను బ్యాంకుకు తీసుకుపోతున్న. సాగర్ రోడ్డు దాటుతుంటే నడిమిట్ల ఆగిపోయింది. ఆటోలు, బస్సు, హారన్లు. నేను గాబరాపడ్డ. ఆమె పడలేదు. చెయ్యి ఎత్తి, "ఆగుండ్రి! కాలు అతుక్కున్నది, జర ఆగుండ్రి!" అని గొంతు ఉన్నంత మేర అరిచింది. నాతోని, "నీ కాలు అడ్డం పెట్టు" అన్నది.

చీర కొంచెం పైకి పట్టుకొని ఎడమ కాలు ఆమె ముందు అడ్డం పెట్టిన. ఇన్నేండ్లు ఎవరికీ చూపని వంకర పాదం, అంతమంది ముందు. ఆమె దాని మీది నుంచి అడుగేసింది. మళ్లీ పెట్టిన. మళ్లీ దాటింది. అట్ల రోడ్డు దాటినం. ఆటో డ్రైవర్లు హారన్లు ఆపి చూస్తున్నరు. అవతలి ఒడ్డుకు చేరినంక, "మంచి కాలు బిడ్డా, పనికొచ్చింది" అన్నది. ఆ రోజు నుంచి పాదం కప్పుకునే ఫికర్ వదిలేసిన. బడిలో పిల్లలు అడిగితే జరిగింది చెప్తున్న. జ్వరం, తలనొప్పి, మెడ వంగకపోవుడు కలిసి వస్తే ఏం చెయ్యాలో కూడా చెప్తున్న. పోయిన ఏడు మహేశ్వరం నుంచి వచ్చే ఒక పిల్ల వాళ్ల తమ్మునికి అట్లనే మెడ బిగుసుకుంటే ఇంట్ల చెప్పి, దవాఖానకు పంపించింది. వాడు ఇప్పుడు సైకిల్ తొక్కుతున్నడు. ఆ ముచ్చట చెప్తే నర్సమ్మ, "ఎన్ని రోజులకు తీస్కపోయిన్రు?" అని అడిగింది. మూడు రోజులకు అని చెప్పిన. "పర్వాలేదు" అన్నది. ఆమె నోట అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

చివరి ఏడాది గొంతు సన్నబడ్డది, మింగుడు కష్టమైంది. నీళ్లు కూడా దగ్గించేవి. అవి ఊపిరితిత్తులల్లకు పోయి వచ్చిన నిమ్మే తీసుకుపోయింది. సమాధుల తోటలో మట్టి వేసేటప్పుడు చుట్టూ చూసిన. ఆమె టీకాలు వేసిన పిల్లలు మీసాలొచ్చి, పిల్లల్ని ఎత్తుకొని నిలబడ్డరు.

నా మనసు మాత్రం పోయిన చలికాలపు ఒక పొద్దు దగ్గరనే తిరుగుతున్నది. నర్సమ్మ వాకిట్ల ఎండలో కుర్చీ వేసుకొని, ఒడిలో స్టీలు పళ్లెం పెట్టుకొని మునగాకు దూస్తున్నది. పళ్లెం పట్టుకున్న ఎడమ చెయ్యి వణుకుతుంటే, పళ్లెం మీది ఎండ ఎదుటి గోడ మీద పడి గునగున ఆడుతున్నది. ఎనిమిది నెలల నా బిడ్డ పాక్కుంట గోడ దాకా పోయి, ఆ వెలుగు మీద అరచెయ్యి వేసింది. అది జారిపోయింది. మళ్లీ వేసింది. నర్సమ్మ ముఖం అప్పటికే రోగంతోని బిగుసుకుపోయింది, నవ్వితే కనబడదు. మునగాకు పక్కకు పెట్టి, పళ్లెం జర వంచి వెలుగును పిల్లకు అందేంత కిందికి దించింది. "పట్టుకో బిడ్డా, పట్టుకో" అంటున్నది వినీ వినబడని గొంతుతో.