నిమ్మకాయలు కట్టిన యుద్ధనౌక

మొన్న పక్కింటివాళ్లు కొత్త కారు కొన్నారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి ముందుకు నడపగానే ఆ పుల్లని వాసన మా వరండా దాకా వచ్చింది. నాకు ఒకటే నవ్వు. మావారు పేపరు దించకుండానే, "మళ్లీ సుభద్ర గారేనా?" అన్నారు.

తొంభైలలో మేము బహ్రెయిన్‌లో, నయీమ్ అనే పేటలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. ఈసా టౌన్‌లో ఒక స్కూల్లో నాకు ఫిజిక్స్ టీచరుగా ఉద్యోగం దొరికింది. ఏడాది చూసి ఉంచాలో పంపాలో చెబుతామన్నారు. మా విభాగానికి పెద్ద సుభద్ర గారు. భీమవరం మనిషి, కంచు గొంతు. భౌతిక శాస్త్రాన్ని ఎంత నమ్మేవారో దిష్టినీ అంతే నమ్మేవారు. ల్యాబ్‌కు కొత్త మీటరు వచ్చినా బొట్టు పెట్టనిదే ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఆ ఏడు సైన్సు ప్రదర్శనకు యుద్ధనౌక చేద్దామన్నారు పిల్లలు. గల్ఫ్ యుద్ధం ముగిసి ఎన్నాళ్లో కాలేదు. మీనా సల్మాన్ రేవు వైపు వెళితే బూడిదరంగు ఓడలు కనిపించేవి, పిల్లల కళ్లన్నీ వాటి ఫిరంగుల మీదే. సుభద్ర గారు లైబ్రరీలోంచి ఓడల పుస్తకం తెచ్చి, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫ్రెంచి డిస్ట్రాయర్ ఒకటి చూపించారు. పేరు ల త్రియోంఫాన్.

"చూడమ్మాయ్, ఎంత పొడుగో, ఎంత సన్నమో! పరుగు కోసమే పుట్టింది. కానీ ఆ పరుగుకి నూనె తాగేస్తుంది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి, డిజైనంటే అంతే."

ఆ ఓడ కథ ఆవిడ చెబుతుంటే పిల్లలు బెల్లు కొట్టినా లేవలేదు. తన దేశం జర్మనీకి లొంగిపోతే ఇంగ్లండు చేరింది. తర్వాత పసిఫిక్‌కు వెళ్లి, జపాన్ వాళ్లు రాకముందే నౌరూ దీవి నుంచి జనాన్ని ఎక్కించుకొచ్చింది. ఒకసారి ఒక చమురు ఓడకు కాపలాగా హిందూ మహాసముద్రం దాటుతూ తుపానులో చిక్కి, నీళ్లు చేరి పక్కకు ఒరిగిపోయింది. చివరికి తాను కాపలా కాయాల్సిన ఆ చమురు ఓడే దీన్ని తాడు కట్టి లాగింది.

నమూనా బాధ్యత నాకిచ్చారు. గీతలు నావి, చెక్కపని మీనా సల్మాన్ వర్క్‌షాపులోని యాదయ్యది. ఆయన గీత చూసి, "గింత సన్నగ ఉంటే పక్కకు ఒరుగుతది గద మేడం?" అన్నాడు. అడుగున సీసం ముక్కలు బిగించాం. గాలి ఊదిన పిల్లల ఈత తొట్టెలో వేసి చూస్తే నిటారుగా నిలిచింది. ఆ రాత్రి మావారితో, ఇక నా ఉద్యోగానికి ఢోకా లేదని గొప్పలు పోయాను.

ప్రదర్శన రోజు తొట్టె చుట్టూ తల్లిదండ్రులు, ముందు వరసలో ప్రిన్సిపాల్. సరిగ్గా అప్పుడే సుభద్ర గారు సంచీలోంచి పూలదండ, నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చిన తాడూ తీసి, వాటిని ఓడ స్తంభానికి కట్టారు.

"ఎందుకండీ ఇప్పుడు?" అన్నాను.

"ఇంతమంది కళ్లు పడతాయి కదే!"

ఓడ నీళ్లలో దిగింది, మోటారు స్విచ్ వేశాను. రెండు మూరలు వెళ్లిందో లేదో, నిమ్మకాయలు ఒక పక్కకు ఊగాయి. దండ నీళ్లలో పడి తడిసింది. మా ఓడ నెమ్మదిగా పక్కకు పడుకుంది. ప్రిన్సిపాల్ నావైపు తిరిగి, "ఇది ఎవరి డిజైన్?" అని అడిగారు.

"ఓడ ఈ అమ్మాయిదండీ. దండ నాది. తప్పు నాది," అన్నారు సుభద్ర గారు, ఆఖరి వరసకు కూడా వినపడేలా.

కొంగు దోపి, కత్తెరతో దండా నిమ్మకాయల తాడూ కత్తిరించేశారు. ఓడ తూగుతూ లేచి నిలబడింది. "చూశారా పిల్లలూ, బరువు కింద ఉంటే నిలబెడుతుంది, పైకెక్కితే పడగొడుతుంది!" అని పాఠం మొదలెట్టారు. తర్వాత ఇదే చమురు ఓడ అంటూ ఖాళీ నూనె డబ్బా ఒకటి తెప్పించి, దారం కట్టి, దాంతో మా డిస్ట్రాయర్‌ను గట్టుకు లాగించారు. జనం చప్పట్లు ఆపలేదు. నా ఉద్యోగం నిలిచింది. ఆవిడను మాత్రం స్టాఫ్‌రూములో చాలాకాలం "నిమ్మకాయల మేడం" అని ఏడిపించారు. ఆవిడా వాళ్లతో కలిసి నవ్వేవారు.

సాయంత్రం బస్సులో అడిగాను, "అంతమందిలో అలా చెప్పేశారేంటండీ?" అని.

"చెప్పకపోతే ఆ పిల్లలు నీ గీత తప్పనుకుంటారు కదమ్మా. తప్పుడు పాఠం ఎలా చెప్పమంటావ్?"

ఇప్పుడు కాకినాడలో ఒక కాలేజీలో ల్యాబ్ నా చేతిలో ఉంది. పోయిన నెల తనిఖీకి వచ్చినవాళ్ల ముందు మా కొత్త లెక్చరర్ చేసిన ప్రయోగం బెడిసికొట్టింది. ఆ పిల్ల మొహం పాలిపోయింది. వైర్లు కలిపింది నేను. "కనెక్షన్ నాది. తప్పు నాది," అన్నాను. అనడానికి క్షణం ఆలస్యమైంది. సుభద్ర గారికి ఆ క్షణం కూడా పట్టలేదు.