పసుపు నీళ్ల అడుగులు

ఆ రోజు పొద్దున దీపం పెట్టి, పాలు పొయ్యి మీద ఉంచాను. ఇంటి మీదుగా విమానమొకటి దిగుతూ గిన్నెలను గలగలలాడించింది. అది పోయాకే ఫోను మోగుతోందని తెలిసింది. మరదలు.

"వదినా, ఆయన పోయిండు" అంది.

నెల రోజులుగా మంచాన ఉన్న నా ఒక్కగానొక్క తమ్ముడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా అక్కడే నిలబడ్డాను.

తమ్ముడు శంషాబాద్ దగ్గర ఒక పరిశోధనశాలలో ఎలుకలను చూసుకునేవాడు. నడక తప్పే జబ్బులకు మందు వెతకడానికి అక్కడ ఎలుకల్లో ఆ జబ్బు కలిగించి చూస్తారు. మా బాపుదీ అలాంటి జబ్బే, తండ్రి నుంచి పిల్లలకు దిగేది. చుక్క ముట్టని మనిషి తూలుతుంటే తాగాడని ఊరంతా నవ్వింది.

"మూగజీవాలను గట్ల చేసుడు పాపం కాదారా?" అని ఒకసారి అడిగాను.

"అది నీ దేవుణ్ణే అడుగక్కా. నేనైతే బోనుల పొట్టు మెత్తగ పరుస్తున్న. మన రోగం మోస్తున్నయి, జర మెల్లగ పట్టుకోవాలె."

ఎలుక పాదాలకు రంగు పూసి కాగితం మీద నడిపిస్తారట. జబ్బు కంటికి ఆనకముందే అడుగుల్లో తెలుస్తుందట. ఆ పద్ధతి ఇంటికి తెచ్చాడు. ప్రతి దసరాకు నా పాదాలకు, తన కూతురి పాదాలకు పసుపు నీళ్లు రాసి కాగితాల మీద నడిపించేవాడు.

"గుడి చుట్టు తిరుగుతున్నవా ఏందక్కా? బస్సు పోతున్నది, నడువు!"

నవ్వేదాన్నే. కానీ స్కేలు పెట్టి కొలిచి "ఏం లేదు, పరేషాన్ గాకు" అనేదాకా లోపల జపం ఆగేది కాదు.

తన కాగితం ఏదని ఎవరమూ అడగలేదు. కొలిచేవాడు కదా అనుకున్నాం. అదే మా తప్పు. ఒకనాడు తన చేతిలో చాయ్ తొణికింది. ఆ ఏటి నుంచి కొలవడం మానేశాడు. మంచాన పడ్డాకే అది బాపు జబ్బేనని మాకు తెలిసింది.

పదకొండో రోజు కర్మ అయ్యాక మేనకోడలు తన తండ్రి పెట్టె తెచ్చి నా ముందు తెరిచింది. మా కాగితాల అడుగున తనవి. మొదటి దాంట్లో అడుగులు సూటిగా ఉన్నాయి. చివరిదాంట్లో ఎడమెడంగా, వంకరగా. అన్నీ తెలిసీ ఒక్కడే మోశాడు.

"అత్తమ్మా, నాది గూడ చూడు. మొన్నటిసంది కాలు గడపకు తాకుతున్నది."

"ఊకో! ఎవలన్న వింటరు" అని మరదలు తలుపు వేయబోయింది.

"విననీ అమ్మా. నాయిన గిట్లనే దాచిండు."

ఆపేలోపే పాదాలకు పసుపు రాసుకుని కాగితం మీద నడిచింది. స్కేలు తీసుకున్నాను. నా చెయ్యి వణికింది. అది భయమో, అదే జబ్బో.

అక్కడే ముగ్గురం ఒక మాటకు వచ్చాం. ఇంట్లో ఇక కొలిచేది లేదు, దాచేది లేదు. సోమవారం దవాఖానకు పోవాలి. పరీక్షకు రక్తం మొదట నేనిస్తాను, తర్వాత పిల్ల. పిల్ల నడిచిన కాగితాన్ని కొలవకుండానే దేవుని గదిలో తమ్ముడి చివరి కాగితం పక్కన పరిచాం. పసుపు ఇంకా ఆరలేదు.