ఖాళీ అని రాసిన చోటు

ఈ ఉదయం విజయవాడ పటమటలో మా పక్కింటి వంటగదిలోంచి ఎండు నెత్తళ్ళు వేగుతున్న వాసన వచ్చింది. మా ఆయన కిటికీలు మూయడానికి పరుగెత్తారు. నేను మాత్రం నవ్వుకుంటూ బాల్కనీలోనే నిలబడ్డాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఖాదర్ గారు గుర్తొస్తారు. పాపం, ఆయన జన్మలో చేప ముట్టి ఎరగరు. ముల్లంటే భయమట.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో గవర్నర్‌పేటలో, ఒక బట్టల షాపు పైన ఆయన ఆఫీసు ఉండేది. సర్వే శాఖలో చేత్తో పటాలు గీసి రిటైరైన మనిషి, కంప్యూటరు మీద పటాలు చేసే పని మొదలుపెట్టారు. కంప్యూటరును మాత్రం తాకేవారు కాదు, మా భుజం మీదుగా తొంగి చూసేవారు. ఆ పటాల విద్యనే జీఐఎస్ అంటారు, అది నేర్చుకుని నేను చేరిన మొదటి ఉద్యోగం అది. నాకన్నీ తెలుసన్న ధీమా కూడా నాతోపాటే చేరింది. కృష్ణ సముద్రంలో కలిసే వైపున, తీరానికి హాని లేకుండా పర్యాటకులకు కాటేజీలు ఎక్కడ కట్టవచ్చో చూపించే పని పర్యాటక శాఖ నుంచి మాకొచ్చింది. మబ్బు తునక కూడా లేని ఉపగ్రహ చిత్రం ఏరికోరి ఎంచుకున్నాను. దాని మీద మడ అడవి, వరద ముంచే పల్లం, రోడ్డు, ఊళ్ళు ఒక్కొక్కటిగా పరుచుకుంటూ పోతే, ఏ అడ్డూ లేని చోటు ఒకటి మిగిలింది. మత్స్యకారుల పల్లె పక్కన తెల్లటి ఇసుక మేట. ‘ఖాళీ స్థలం, కాటేజీలకు అత్యంత అనుకూలం’ అని రాసి ఆకుపచ్చ రంగు వేశాను.

సోమవారం అధికారుల ముందు పెట్టాలి. ఖాదర్ గారు పటం చూసి మురిసిపోయి, “బ్రహ్మాండం! ఇక పదమ్మా, చదివి వినిపించి వద్దాం” అన్నారు. “ఎవరికి సార్?” అంటే, “అక్కడుండే వాళ్ళకి” అన్నారు. ఏ చోటు పటమైనా ఆ చోట నిలబడి పైకి చదవందే ఆఫీసు దాటనివ్వకపోవడం ఆయన పద్ధతి. పెద్దాయన చాదస్తం అనుకుని లోపల విసుక్కుంటూ బయలుదేరాను.

అక్కడికి వెళ్ళేసరికి ఖాళీ స్థలం కనిపించలేదు. కనుచూపు మేరా పరిచిన వలల మీద ఎండబెట్టిన నెత్తళ్ళు, వాటిని తిరగేస్తూ పది పదిహేను మంది ఆడవాళ్ళు. నా పటం తప్పని నాకు తట్టనే లేదు. జీపీఎస్ పెట్టె చెడిపోయిందనుకున్నాను. దాన్ని నెత్తిమీదికి ఎత్తిపట్టుకుని, చేపలు తొక్కకుండా గెంతుకుంటూ అటూ ఇటూ తిరిగాను. వెంకాయమ్మ అనే పెద్దావిడ నడుం మీద చేతులేసుకుని కాసేపు చూసి, “పాటలేమన్నా వస్తయ్యా అందులో?” అంది. అందరూ గొల్లుమన్నారు.

ఖాదర్ గారు ఇసుక మీద పటం పరిచి, ఎగరకుండా తన చెప్పులు పెట్టి, “చదువమ్మా” అన్నారు. చదివాను. ‘ఖాళీ స్థలం’ దగ్గరికొచ్చేసరికి గబగబా చదివేశాను.

“ఖాళీయా? ఎవరన్నారు?” అంది వెంకాయమ్మ.

“ఉపగ్రహం... పైనుంచి ఫొటో తీస్తుందండీ.”

“ఎప్పుడు తీసిందంట?”

“మే నెల్లో.”

“మే నెల్లో వేటుండదుగా తల్లీ! చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపేస్తారు. అప్పుడు చూస్తే మా పొయ్యి కూడా ఖాళీనే. ఈ దిబ్బ పోతే చేపలెక్కడ ఎండేసుకునేది? మేం బతికేదే దీని మీద.”

సిగ్గుతో చచ్చిపోయాను. మబ్బులు లేవని మురిసిపోయి, మనుషులు లేని నెల ఎంచుకున్నాను. వెంకాయమ్మే మమ్మల్ని ఊరు దాటించి రోడ్డు పక్క మెరక చూపించింది. ఎంత వరదొచ్చినా అక్కడికి నీళ్ళు రావట. సోమవారానికి మిగిలిన రెండు రోజులూ కూర్చుని పటం మళ్ళీ చేశాను. ఖాదర్ గారు టీలు తెప్పిస్తూనే ఉన్నారు.

సోమవారం మీటింగులో పెద్ద అధికారి ముఖం చిట్లించారు. ఆయనకు సముద్రం ఎదురుగా కనబడే చోటే కావాలి. “ఉపగ్రహం ఖాళీ అంటుంటే మీరు కాదంటారేంటండీ?” అన్నారు. ఖాదర్ గారు నావైపు చూశారు. నేను లేచి, “తప్పు ఉపగ్రహానిది కాదండీ, నాది. వేట ఆపిన నెల చిత్రం తీసుకున్నాను. అక్కడ కడితే ఒక ఊరి ఆడవాళ్ళ బతుకు పోతుందండీ” అన్నాను. పెద్ద అధికారి పటాన్ని దగ్గరికి లాక్కుని ఆ దిబ్బ మీద వేలు పెట్టి చూశారు. ఆఖరికి మెరకకే సంతకం పడింది.

బయటికొచ్చాక అడిగాను: “ఆ చోటు ఖాళీ కాదని మీకు ముందే తెలుసు కదా సార్?”

ఆయన ఆశ్చర్యంగా చూశారు. “తెలిస్తే అంత ఎండలో ఎందుకొస్తానమ్మా? ఆఫీసులోనే చెప్పేవాణ్ణిగా!”

ఖాదర్ గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయనంటే నాకెంత ప్రేమో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు గదిలోంచి కదలకుండానే గడపలు కూడా లెక్కపెట్టగలరు. అయినా వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్తాను, పటం నేనే పైకి చదువుతాను. చదివేముందు ప్రతిసారీ, ఎవరి చోటును ఖాళీ అని రాశానోనని భయమేస్తుంది. ఆ భయం ఆయన ఇచ్చి వెళ్ళిందే. అది పోతే ఈ పని మానేస్తాను.