ఏ టైము?

ఆఫీసులో ఆమెను అందరూ గడియారం అక్క అంటారు. చేతికి మాత్రం వాచీ ఉండదు. ఎవరైనా టైమెంత అని అడిగితే కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "ఏ టైము?" అంటుంది. యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాం, అంటే కెర్నెల్‌కి, రెండు గడియారాలుంటాయి. ఒకటి మనం సరిచేస్తే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. రెండోది ఎవరి మాటా వినదు, యంత్రం వెలిగినప్పటి నుంచి ముందుకే లెక్కపెట్టుకుంటూ పోతుంది. అలారానికి మొదటిదాన్ని వాడితే కొంప మునుగుతుందని, కొత్తగా చేరినవాళ్లందరికీ బల్ల మీద వేలితో కొడుతూ మరీ చెబుతుంది.

ఆ ఉదయం టెస్టింగ్ చూసే అతను పరుగున వచ్చాడు. "అక్కా, పసిపిల్లల ఊపిరి కనిపెట్టే మన మిషన్‌ని బొమ్మకి తగిలించి చూశాం. ఊపిరి ఆపితే ఇరవై సెకన్లకి మోగాల్సింది, ఐదు నిమిషాలు దాటాక మోగింది. మధ్యలో గడియారం ఐదు నిమిషాలు వెనక్కెళ్లింది."

"ఏ మహానుభావుడు రాశాడో!" అని నవ్వుతూ, ప్రోగ్రాంలో అలారానికి మొదటి గడియారాన్ని వాడిన లైను వెతికింది. పక్కన రాసినవాళ్ల పేరు ఉంది. తన పేరే.

బల్ల మీదికి దిగబోయిన వేలు గాల్లోనే ఆగిపోయింది. అతను తల దించుకున్నాడు. ఆమె ఆ మిషన్లు వాడుతున్న ఆస్పత్రిలో పిల్లల వార్డుకి ఫోన్ చేసింది.

"సిస్టర్, అలారాన్ని నమ్మకండి. పిల్లల దగ్గర మనుషుల్ని కూర్చోబెట్టండి. ఇప్పుడే."

"అయ్యో, ఎప్పట్నుంచమ్మా ఇలా?"

ఈసారి ఆమె ఏ టైమని అడగలేదు.

"మొదట్నుంచీ," అంది.