ఉపన్యాసం కింద మా అవ్వ

మొన్న పట్నం నుంచి ఒక ఆడపిల్ల ఫోన్ చేసి, నేను వయసుల ఉన్నప్పుడు పనిచేసిన సినిమా సంస్థ తన పాత వీడియో క్యాసెట్లన్నీ కంప్యూటర్లకు ఎక్కిస్తున్నదని, నా దగ్గర ఏమన్న మిగిలితే పంపమని అడిగితే, అటక మీది డబ్బా దింపిన. అండ్ల నా చేతిరాతతోనే ‘అవ్వ, కాకర పందిరి’ అని రాసిన క్యాసెట్ కనబడ్డది.

మీకు యాదికుండే ఉంటది, మన కాలంల తెర మీద కనబడాలంటే పెద్ద మనుషులై ఉండాలె. దేశమంతట చందాలతో నడిచే మా సంస్థకేమో ఊరోళ్లను ఊరోళ్లకే చూపెట్టాలన్న పంతం. మొయినాబాద్, చేవెళ్ల పక్క ఊర్లల్ల కెమెరా పట్టే పని నా జిమ్మ. తిరిగి తిరిగి తీసింది అంగడి రోజు చేవెళ్లల ఎండకు కట్టిన పరదా కింద టీవీ పెట్టి చూపెడితే, పూలమ్మే ఆడోళ్లు తమ మొహాలు చూసుకొని కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేటోళ్లు. చూపెట్టినంక అదే క్యాసెట్ మీద మల్లొకరిని ఎక్కించుడే. దాచిపెట్టాలన్న సోయి మాకెవ్వరికీ లేకుండె.

ఒక్క నన్ను కన్న మా అవ్వదే దాచుకున్న. నేను కడుపుల ఉండంగనే పోయిన మా బాపు గురించి ఎన్నడూ నోరిప్పని మనిషి, ఆ పొద్దు ఎంకపల్లిల మా కాకర పందిరి కింద నిలబడి, ఆయన ఎట్ల నడిచేటోడో, ఎట్ల నవ్వేటోడో అన్నీ చెప్పింది. నేనేమో వెలుతురు సరిపోతదా, తీగలు అడ్డమొస్తున్నయా అన్న ఫికర్ల పడి సగం గూడ చెవిన పెట్టలే. క్యాసెట్ల ఉన్నది గద అనుకున్న, మూర్ఖుణ్ణి!

వారం తిరగకముందే పక్కూరి బడి తెరవనీకి పెద్దాఫీసరు వస్తున్నడని కబురొచ్చింది. ఖాళీ క్యాసెట్ ఒక్కటి లేదు. నేను ఎనుకాముందాడుతుంటే అవ్వే అన్నది: “నా దాని మీదనే తియ్యిపో కొడుకా, మల్ల చెప్పనా ఏంది? నేనేడికి పోత?” దాని మీదనే ఆఫీసరు ఉపన్యాసం ఎక్కించిన.

ఆ వానకాలమే అవ్వ పోయింది.

ఉపన్యాసం పొట్టిగుంటే కొసకు అవ్వ మిగిలి ఉంటదేమోనని ఆశ, మిగలకపోతే ఎట్లనని భయం; ముప్ఫై ఏండ్లు ఆ క్యాసెట్ ముట్టలే. మొన్న నేనే పట్టుకొని ఆ పిల్ల ఆఫీసుకు పోయిన. ఆఫీసరు దండలు వేయించుకున్నడు, మాట్లాడిండు, మాట్లాడిండు, మాయమైండు. పందిరి కనబడ్డది. అవ్వ కొంగుతోని కండ్లు తుడుసుకుంట, “గంతే బిడ్డ, ఇగ బంద్ చెయ్యి” అన్నది. క్యాసెట్ అయిపోయింది.

ఇప్పుడా పందిరి జాగల ఎవరిదో ఫామ్‌హౌస్ గోడ ఉన్నది. నా మనవరాలు తినే అన్నం గూడ ఫోన్ల తీసి పెట్టుకుంటది, ఇప్పుడు ఏదీ పోదు తాతా అంటది. కావొచ్చు. మా బాపు ఎట్ల నవ్వేటోడో చెప్పేటోళ్లు మాత్రం ఇగ ఎవ్వరూ లేరు.